కండవాయికి దుబాసీ

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పులి వస్తుందేమోనని దుప్పటి లాక్కోకండి. ఇది మడ అడవి. గోదారి వెళ్ళి సముద్రంలో కలిసేచోట, ఉప్పునీళ్ళలో వేళ్ళు పైకి పెట్టుకుని నిలబడ్డ చెట్ల అడవి. సముద్రం పోటెత్తితే నీళ్ళు చెట్ల నడుముల దాకా వస్తాయి. ఆటు తీస్తే అంతా బురదే.

ఆ అడవిలో ఒక ఎత్తు దిబ్బ మీద ముంగిస సింగారమ్మ ఉండేది. ఒంటరిది. పిల్లాజెల్లా లేరు. ఇల్లు మాత్రం అద్దంలా పెట్టుకునేది. ఒంటికి ఇంత బురద అంటితే ఆ పూట ఆవిడకి తిండి సహించేది కాదు. బురదలో కాపురముంటూ బురద గిట్టకపోతే ఎలాగమ్మా అని ఎవరైనా అంటే మూతి మూడు వంకర్లు తిప్పేది.

ఆమధ్య వచ్చిన తుఫానుకి ఎవరింట్లోంచో ఒక గాజుతొట్టి కొట్టుకొచ్చి ఆవిడ దిబ్బకి తగిలి ఆగింది. అడవి మొత్తానికి అలాంటిది ఇంకోటి లేదు. సింగారమ్మ మురిసిపోయి, తొట్టిని తోమి, అరుగు చివర పెట్టించింది. రోజూ తుడిచేది. రోజూ చూసుకునేది. కానీ ఖాళీ తొట్టిని ఎన్నాళ్ళని చూస్తారు? అందుకని నీటికుక్క నూకరాజుకి కబురు పెట్టింది. నూకరాజు సముద్రం లోపలిదాకా ఈది వెళ్ళి, ఎవరికేం కావాలంటే అది పట్టుకొచ్చి అమ్మేవాడు.

నూకరాజు ఒక కుండ తెచ్చి అరుగు మీద దించాడు. సింగారమ్మ తొంగి చూసింది. లోపల అరచెయ్యంత కండవాయి పిల్ల. కండవాయి అంటే సముద్రపు జీవే, ఆక్టోపస్‌కి దగ్గరి చుట్టం. నోటి చుట్టూ బోలెడు చేతులు. ఒంటి చుట్టూ పరికిణీ కుచ్చిళ్ళలాగా పల్చటి అంచు. అది చూస్తుండగానే గోధుమరంగు నుంచి ఎర్రగా, ఎర్రరంగు నుంచి చుక్కలుచుక్కలుగా మారిపోయింది.

"ఓర్నాయనో! ఎన్ని చీరలు కడుతోందిరా ఇది!" అంది సింగారమ్మ బుగ్గ నొక్కుకుని. రెండు తట్టల నత్తగుల్లలిచ్చి అక్కడికక్కడే కొనేసింది.

నూకరాజు తలగోక్కున్నాడు. "సింగారమ్మగారండీ, దీన్ని కొనడం తేలికేనండి, ఉంచుకోవడమే కష్టం. నీళ్ళు ఎప్పటికప్పుడు మార్చాలండి. దాక్కోడానికి ఓ రాయి పెట్టాలండి. తిండి బతికున్నదే తింటది, రొయ్యలో పీతలో. మరీ ముఖ్యం, దీన్ని బెదరగొట్టకూడదండి. దీనికి మూడు గుండెలండి! మూడూ ఒకేసారి అదిరిపోతాయి. ఆయుష్షు చూస్తే ఏడాదో ఏడాదిన్నరో. ఆ కాస్తా సుఖంగా బతకనివ్వాలండి."

"అబ్బో, నాకు తెలీదేంటి! కన్నపిల్లలా చూసుకుంటాను" అంది సింగారమ్మ.

నూకరాజు తొట్టిలో ఒక గుల్లరాయి పెట్టాడు. కాసిని రొయ్యలు వదిలాడు. వెళ్తూ వెళ్తూ గంపలోంచి ఒక పీతని కూడా తీసి తొట్టిలో పడేశాడు. "ఇది రేపటి భోజనానికండి" అన్నాడు.

ఆ పీత పేరు గవరయ్య. ఆ మాట గవరయ్య చెవిన పడనే పడింది.

సింగారమ్మ కండవాయికి జలజాక్షి అని పేరు పెట్టుకుంది. ఆవిడ ప్రేమకి వంక పెట్టడానికి లేదు పిల్లలూ. పోటు వచ్చినప్పుడల్లా కొబ్బరిచిప్పతో పాత నీళ్ళు తోడి, కొత్త నీళ్ళు పోసేది. తొట్టి పక్కన కూర్చుని జోలపాటలు పాడేది. ఒక్క రాయి దగ్గరే వచ్చింది తంటా. జలజాక్షి ఎప్పుడు చూసినా రాయి వెనకే ఉండేది. రాయి పక్కన రాయి రంగులోకి మారిపోయేది. సింగారమ్మ ఎంత తొంగి చూసినా తొట్టిలో నీళ్ళే కనపడేవి.

"ఇదేం చోద్యం! కనపడకుండా కూర్చోడానికా నిన్ను కొనుక్కుంది?" అని సింగారమ్మ రాయి తీసి అవతల పెట్టేసింది.

ఇప్పుడు తొట్టిలో ఈ చివర జలజాక్షి, ఆ చివర గవరయ్య. మధ్యలో ఏమీ లేదు. పాపం, గవరయ్య కూడా ఆ రాయి కన్నంలోనే దాక్కునేవాడు. వాడిప్పుడు మూలకి ఒదిగాడు.

జలజాక్షి మెల్లిగా వాడివైపు తిరిగింది. ముందు చేతులు రెండూ పైకెత్తింది. గవరయ్య కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఉడుము వదిన వచ్చింది, తొట్టి చూసిపోదామని. వచ్చీ రాగానే గాజుకి మూతి ఆనించి, చీలిన నాలుక చాపి టపటపా ఆడించింది. జలజాక్షి హడలిపోయి, తెల్లగా సున్నం కొట్టినట్టయిపోయి, వెనక్కి దూసుకెళ్ళి గాజుకి గుద్దుకుంది.

"అమ్మో, భయం! ఆ నాలుక తీసెయ్యమను!" అంది.

కానీ నీళ్ళలో అన్న మాట నీళ్ళలోనే ఉండిపోతుంది కదా. పైకి బుడగలొచ్చాయంతే. సింగారమ్మ, ఉడుము వదిన ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పీతకి మాత్రం నీళ్ళ మాటా వస్తుంది, గట్టు మాటా వస్తుంది. రెండుచోట్లా బతికే ప్రాణి మరి.

"గవరయ్యా, ఏమంటోంది మా పిల్ల?" అని అడిగింది సింగారమ్మ.

గవరయ్య తొట్టి మూల నుంచి పైకి పాకి, కళ్ళు రెండూ నీళ్ళపైకి పెట్టాడు. నిజం చెబుదామనే నోరు తెరిచాడు. అంతలో ఒక ఆలోచన వచ్చింది. 'ఇది బెదిరింది కాబట్టే నన్ను తినడం మానేసింది. బెదిరినన్నాళ్ళూ తినదు. తిననన్నాళ్ళూ నేను బతుకుతాను. గట్టు మీదికి దూకి పారిపోదామంటే ఉడుము వదలదు.'

"సంబరంగా ఉందటమ్మా! ఉడుము వదినగారొచ్చారని తెల్లచీర కట్టిందట!" అన్నాడు.

సింగారమ్మ చప్పట్లు కొట్టింది. ఉడుము వదిన అడవంతా చెప్పుకొచ్చింది.

తర్వాత నక్క పిన్ని వచ్చింది, పిల్లలందర్నీ వెంటేసుకుని. నక్కపిల్లలు ఊరుకుంటాయా? గాజు మీద గోళ్ళతో టకటకా దరువేశాయి. జలజాక్షి ఒళ్ళంతా నల్లచారలు తేలాయి. ఆ గోడకీ ఈ గోడకీ కొట్టుకుంది.

"ఆ చప్పుడు ఆపమను! నా మూడు గుండెలూ పగిలిపోతున్నాయి!" అంది.

"ఇప్పుడేమంటోంది?" అని అడిగింది సింగారమ్మ.

"దరువుకి నాట్యమాడుతోందటమ్మా! ఇంకొంచెం గట్టిగా వాయించమంటోంది" అన్నాడు గవరయ్య.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అలా ఉంది ఆ పిల్ల గతి. నక్కపిల్లలు ఇంకా గట్టిగా వాయించాయి. పిన్ని వెళ్ళేటప్పుడు "గవరయ్య ఉండబట్టి దీని మనసు తెలుస్తోంది సింగారం. మంచి దుబాసీ దొరికాడు నీకు" అంది. దుబాసీ అంటే ఒకరి భాష ఇంకొకరికి విప్పి చెప్పేవాడు. ఆ రోజు నుంచి వాడు గవరయ్య కాదు, దుబాసీ గవరయ్యగారు. సింగారమ్మ వాడికి కూర్చోడానికి తొట్టిలోనే చిన్న గవ్వపీట కూడా వేసింది.

వాళ్ళు వెళ్ళాక జలజాక్షి నీళ్ళ అడుగున ఒరిగి పడుకుంది. గాజుకి గుద్దుకుని గుద్దుకుని వెనకవైపు పుండు పడింది.

"పీత బాబాయ్, నీకు వాళ్ళ మాటలొచ్చుగా? నా రాయి నాకు పెట్టమని చెప్పవా?" అంది నీరసంగా.

"చెప్తే నన్ను తినకుండా ఉంటావా?" అన్నాడు గవరయ్య.

జలజాక్షి అబద్ధమాడటం చేతకాని పిల్ల. "ఏమో బాబాయ్. ఆకలేస్తే నేనేం చేస్తానో నాకే తెలీదు" అంది.

గవరయ్యకి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. చెబితే తన ప్రాణం పోతుంది. చెప్పకపోతే దాని ప్రాణం పోతుంది. ఏం చేశాడంటారు? మీలాగే నాకూ వాడి మీద కోపం వచ్చింది. కానీ ఎదుటివాళ్ళ నోట్లోకి వెళ్ళబోయే వాడి భయం మనకేం తెలుస్తుంది? వాడు మాట్లాడకుండా వెనక్కి వెళ్ళి తన పీట మీద కూర్చున్నాడు.

సింగారమ్మకి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. వేసిన రొయ్యలు వేసినట్టే తిరుగుతున్నాయి. పిల్ల చిక్కి సగమైంది. "గవరయ్యా, తినట్లేదేం?" అని అడిగింది దిగులుగా.

"మిమ్మల్ని చూస్తుంటేనే కడుపు నిండిపోతోందటమ్మా" అన్నాడు గవరయ్య.

ఆ మాట సింగారమ్మ చెవులకి ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. పిల్లాజెల్లా లేని మనిషి. ఒక ప్రాణి తనని చూసి కడుపు నింపుకుంటోందంటే నమ్మకుండా ఎలా ఉంటుంది? నమ్మేసింది. పైగా ఆ సంతోషంలో పున్నమినాడు పేరంటం పెట్టుకుంది. తొట్టి చుట్టూ ముగ్గేసింది. మావిడాకులు దొరక్క మడ ఆకులే తోరణం కట్టింది. వచ్చిన వాళ్ళకి పెట్టడానికి నత్తలు నానబెట్టింది.

పున్నమి పోటు పెద్దది కదా. ఆ మధ్యాహ్నం నీళ్ళు దిబ్బ మొదలు దాకా వచ్చి తళతళలాడుతున్నాయి. ఉడుము వదిన వచ్చింది. నక్క పిన్ని పిల్లలతో వచ్చింది. అందరి తర్వాత గూడబాతు అత్తగారు ఠీవిగా వచ్చింది. గూడబాతుని చూశారా ఎప్పుడైనా? ముక్కు కింద సంచి వేలాడుతూ ఉంటుంది. ఆ సంచిలో గంపెడు చేపలు పడతాయి.

"ఏదీ, రోజుకో చీర కట్టే మీ అమ్మాయి? నాకు పక్కనుంచి ఆనదు, పైనుంచి చూస్తాను" అంటూ అత్తగారు అంత పొడుగు ముక్కు తీసుకెళ్ళి సరిగ్గా తొట్టి మీద పెట్టింది.

నక్కపిల్లలు దరువు మొదలెట్టాయి. ఉడుము వదిన నాలుక ఆడించింది. పైనుంచి ముక్కు నీడ నల్లగా పడింది. జలజాక్షి తెల్లబడింది, చారలు పడింది, మళ్ళీ తెల్లబడింది. ఇంకేం చేయాలో తెలియక బుస్సుమని సిరా కక్కేసింది. ఒక్క క్షణంలో తొట్టెడు నీళ్ళూ కాటుకలా అయిపోయాయి.

"ఆహా! నల్లపట్టు కట్టింది!" అని పేరంటాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. సింగారమ్మ కూడా కొట్టింది.

అప్పుడు ఆ నల్లనీళ్ళలోంచి గవరయ్య డెక్కలతో గాజుని పట్టుకుని, దగ్గుతూ, ఊపిరాడక, అంచు మీదికి ఎక్కాడు.

"చచ్చిపోతోందమ్మా! ఆపండి! పిల్ల చచ్చిపోతోంది!" అని అరిచాడు.

చప్పట్లు ఆగిపోయాయి.

"నాట్యం అన్నావుగా?" అంది సింగారమ్మ.

"అబద్ధం! అన్నీ అబద్ధాలే! అది ఏ రంగు మారినా భయంతోనే మారింది. సముద్రంలో అయితే శత్రువు మొహాన సిరా కొట్టి అది పారిపోతుంది. ఇక్కడెక్కడికి పోతుంది? కక్కిన సిరాలోనే ఊపిరి పీల్చాలి. ఆ సిరా దాని గొంతుకే అడ్డం పడుతోంది!"

సింగారమ్మ వాడి మీదికి వంగింది. "ఎందుకురా నాతో అబద్ధం చెప్పావు?"

"అది తింటే నేను చస్తాను. అది భయపడితే నేను బతుకుతాను. తిండి కింద వేసింది నన్నే, మాట అడిగిందీ నన్నే! నేనింకేం చెప్తానమ్మా?" అన్నాడు గవరయ్య. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కానీ అది ఇలా పోతుంటే చూడలేకపోయాను."

తిట్టడానికి ఇది సమయం కాదని సింగారమ్మకి తెలుసు. కొబ్బరిచిప్ప తీసుకుని గబగబా తోడింది. చిప్పెడు తీస్తే మరో చిప్పెడు నలుపే వచ్చింది. లోపల చెయ్యి పెట్టి వెతికితే ఆ నలుపులో జలజాక్షి చేతికి చిక్కలేదు. దిబ్బ కింద చూస్తే నీళ్ళు కొద్దికొద్దిగా వెనక్కి జారుతున్నాయి. ఆటు మొదలైంది. ఇంకాసేపుంటే కింద బురదే మిగులుతుంది.

సింగారమ్మ ఒక్కసారి తన తొట్టివంక చూసుకుంది. రోజూ తుడుచుకున్న తొట్టి. అడవి మొత్తానికి ఒక్కగానొక్క తొట్టి.

"తోసెయ్యండి" అంది.

"ఏంటి తోసేది? కింద వేళ్ళున్నాయి వదినా, పగిలిపోతుంది!" అంది ఉడుము.

"పగిలితే పగలనీ! నా పిల్ల ఊపిరి కన్నా ఎక్కువా? రండి, తోయండి!"

పేరంటాళ్ళందరూ లేచారు. ఉడుము వదిన తోక ఆనించింది. నక్క పిన్ని భుజం పెట్టింది. గూడబాతు అత్తగారు రొమ్ముతో నెట్టింది. గవరయ్య ఒక్క గెంతులో సింగారమ్మ మెడ మీదికెక్కి కూర్చున్నాడు. తొట్టి అరుగు మీంచి ఒరిగి, దొర్లి, మడచెట్టు వేరుకి తగిలి భళ్ళున పగిలింది. నల్లనీళ్ళు పోటునీళ్ళలో కలిసి పల్చబడ్డాయి. వాటి మధ్య జలజాక్షి తేలింది. తెల్లగా, వెల్లకిలా, ఉతికిన గుడ్డముక్కలా ఉంది.

అందరి చూపూ ఒకేసారి గూడబాతు అత్తగారి వైపు తిరిగింది.

"నన్నెందుకలా చూస్తారు? నాకివాళ ఉపవాసం!" అని అత్తగారు ముక్కు మూసుకుని అటు తిరిగి నిలబడింది.

సింగారమ్మ దిబ్బ దిగింది. బురద పట్టించుకోలేదు. నడుం లోతు నీళ్ళలోకి వెళ్ళి, జలజాక్షిని రెండు చేతుల్లోకీ తీసుకుని, కొత్తనీళ్ళు వచ్చే వైపు దాని మొహం తిప్పి పట్టుకుంది. "తల్లీ, తల్లీ, ఊపిరి తియ్యమ్మా" అంటూనే ఉంది. గట్టు మీద నక్కపిల్లలు గోళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి.

కాసేపటికి ఒంటి చుట్టూ ఉన్న కుచ్చిళ్ళ అంచు కొంచెం కదిలింది. మళ్ళీ కదిలింది. తెలుపు మీద గోధుమరంగు చుక్కలు ఒకటొకటే పొడిచాయి. చేతుల్లో బరువు తెలుస్తూనే ఉంది, ఒళ్ళు మాత్రం అడుగున ఉన్న బురద రంగులోకి దిగిపోతోంది. ఒక్కసారి జలజాక్షి ఒళ్ళు బిగించింది. నీళ్ళు చిమ్మింది. సింగారమ్మ చేతులు ఖాళీ అయ్యాయి.

"ఏదీ? ఎటు వెళ్ళింది?" సింగారమ్మ కంగారుగా నాలుగువైపులా చూసింది. "ఎక్కడా కనపడదేం? మునిగిపోయిందా?"

"వెతక్కండమ్మా" అన్నాడు గవరయ్య మెడ మీంచి. "భయం లేనప్పుడు అది ఎవరికీ కనపడదు. బురదలో బురదై, ఇసకలో ఇసకై హాయిగా ఉంటుంది. మీకు కనపడటం లేదంటే బాగుందనే అర్థం."

సింగారమ్మ నీళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. వేళ్ళున్నాయి, బురదుంది, నీళ్ళున్నాయి. కండవాయి లేదు.

"హమ్మయ్య!" అంది. ఆ మాటతో ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. గట్టు మీద ఉడుము వదిన కూడా హమ్మయ్య అంది. నక్క పిన్ని పిల్లల నెత్తిన తలా ఒక మొట్టికాయ వేసి, తర్వాత దగ్గరికి తీసుకుంది. అత్తగారు మెల్లిగా ఇటు తిరిగింది.

సింగారమ్మ కళ్ళు తుడుచుకుని అడిగింది. "గవరయ్యా, నీకు వినపడుతుందిగా. వెళ్తూ వెళ్తూ నా గురించి ఏమైనా అందా?"

గవరయ్య ఆవిడ చెయ్యి మీదికి జారి, చెవి నీళ్ళకి ఆనించి విన్నాడు. మిమ్మల్ని తల్చుకుంటానందమ్మా అని ఒక్క ముక్క చెప్పొచ్చు. ఎంత తియ్యగా ఉంటుంది ఆ ముక్క! ఎవరు కనుక్కుంటారు?

"ఏమీ అనలేదమ్మా" అన్నాడు. "వెళ్ళిపోయిందంతే."

సింగారమ్మ తన ఖాళీ చేతులవంక చూసుకుంది. తర్వాత నవ్వింది. నిజంగానే నవ్వింది, మీసాలకి బురద ఉండగానే.

"పోనీలేరా. హాయిగా వెళ్ళింది, అదే చాలు" అంది. "పద, నిన్నెక్కడ దింపను?"

"దిబ్బకి అటువైపు దించండమ్మా!" అన్నాడు గవరయ్య తొందరగా. "ఇటువైపు మాత్రం వద్దు. దానికిప్పుడు బాగా ఆకలేస్తూ ఉంటుంది!"

నీతి: మనకి ముచ్చటైందల్లా ఎదుటి ప్రాణికీ ముచ్చటే అనుకోకూడదు. ఇష్టమని దగ్గర పెట్టుకునే ముందు, దాని భయమేమిటో తెలుసుకోవాలి.